అడుగుపేటలో దరువు పోయిన నెల

అడుగుపేట ధ్వనికేంద్రం, అభిప్రాయాల పుస్తకం
రాస్తున్నది: పోలేశ్వరి, గుమస్తా

31వ ఏడు, కోతల నెల, 4

ఈ పుస్తకంలో పేజీకి నాలుగు గడులు. ఎవరు, ఏ పాట, ఏమన్నారు, జవాబు. మొదటి మూడూ నేను నింపాలి. నాలుగోది పాట కట్టినవాళ్ళది. నేనీ కుర్చీలో కూర్చున్న పదకొండేళ్ళలో ఆ నాలుగో గడిలో ఒక్క అక్షరం పడలేదు. పాట కట్టినవాళ్ళు సంజాయిషీ చెప్పుకోకూడదని ఇక్కడి ఆచారం. గడుల్లో పట్టని సంగతులు ఇలా వెనక పేజీల్లో రాసుకుంటాను. వెనక పేజీలు ఎవరూ తిప్పరు కాబట్టి ధైర్యంగానే రాస్తాను.

ఇవాళ మధ్యాహ్నపు పాటల గంటలో 'వదినా మరదళ్ళు' కొత్త పాటల కట్ట వేశారు. దాని పేరు 'ఇల్లు'.

వదిన సూరీడమ్మ, మరదలు ముత్యాలు. సూరీడమ్మ తమ్ముడి పెళ్ళామే ముత్యాలు. పాత మీటల పెట్టెలు, విరిగిన గొట్టాలు, కరెంటు తీగలు ముందేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరికి పాటలు కడుతున్నారు. అరవై బారల నీళ్ళ కింద బతికే నాలుగువందల పన్నెండు మందికి సూర్యుడు లేడు, వాన లేదు, వాళ్ళ దరువు ఉంది. నిమిషానికి నూటపన్నెండు దెబ్బలు. నాచు తాడు లాగేవాళ్ళు ఇరవైమంది ఒక్క చెయ్యిలా లాగుతారంటే ఆ దరువు వల్లే. నేను నడక నేర్చింది పైన ఊళ్ళో అయినా, సరిగ్గా నడవడం మాత్రం ఆ దరువు మీదే నేర్చానని అందరికీ చెప్పుకుంటాను.

అలాంటిది, ఇవాళ పాటలు చెవికి చేర్చే టోపీ సవరించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆ తర్వాత గాజు గిన్నె అంచున తడి వేలు తిప్పితే వచ్చే సన్నని మోత ఒకటి వచ్చింది. అది ఆగింది. చాలాసేపు ఖాళీ. మళ్ళీ ఇంకో మోత. గంటసేపు ఇదే. దరువు లేదు.

నాకు ఒళ్ళు మండింది. గుమస్తా ఫిర్యాదు రాయకూడదని రూలేమీ లేదు. మొదటి వరసలో నా పేరే రాశాను. ఏమన్నారు అన్న గడిలో ఇలా రాశాను: "దరువు ఏదీ? పద్దెనిమిదేళ్ళు మమ్మల్ని నడిపించినదాన్ని ఎక్కడ పారేశారు?"

రాశాక ప్రాణం కాస్త కుదుటపడింది.

కోతల నెల, 6

రెండు రోజుల్లో నలభై ఏడు ఫిర్యాదులు. ఈ పుస్తకం పుట్టాక ఇన్ని రాలేదు. కొన్ని ఎత్తి రాస్తున్నాను.

"నా పెళ్ళిలో వాళ్ళ పాట వేస్తే మా ముసలమ్మ లేచి ఆడింది. నా కూతురి పెళ్ళిలో ఇది వేస్తే పెళ్ళికొడుకు పీటల మీదే నిద్రపోతాడు."

"పాట మొదలైందో లేదో తెలియక టోపీ రెండుసార్లు బాగుచేయించుకున్నాను. టోపీ బాగానే ఉందన్నారు. పాటే బాగాలేదు."

"అంతా ఆ ముత్యాలు చేరాకే." (ముత్యాలు మొదటి కట్ట నుంచీ ఉంది. అయినా రాసుకున్నాను, నా పని రాసుకోవడమే.)

"నాకు నచ్చింది. ఎందుకో చెప్పలేను. దయచేసి నా పేరు బయటపెట్టకండి."

ఈ ఆఖరిదాన్ని చూసి నవ్వుకున్నాను.

కొత్త కట్ట వస్తే నెలరోజులు నాచు కోతలో అదే మోగాలి. అదీ ఆచారమే. ఇవాళ మూడో తాడు దగ్గర ముందువాళ్ళ చెయ్యి ఒకచోట, వెనకవాళ్ళ చెయ్యి ఒకచోట. తాడు జారి, లాగిన నాచంతా మళ్ళీ నీళ్ళపాలైంది. ఇద్దరికి అరచేతులు చీరుకుపోయాయి.

కోతల నెల, 11

దాలినాయుడు మావ వచ్చాడు. ఆయనకి రెండు పెత్తనాలు. వదినా మరదళ్ళ అభిమాన సంఘానికి పెద్ద, ఊరి తలుపుకి కాపలా. తలుపు కాపలా అంటే పైకెళ్ళే లిఫ్టు, నీటి తలుపు, ఇంకా అందరి నెత్తిన టోపీ ఉందా లేదా అన్నది ఆయన చూస్తాడు. అరవై దాటినా మనిషి తాడులా ఉంటాడు.

"పోలేశ్వరీ, ఇదేటే? నీలల్లో ములిగిపోనోడి మూలుగులాగుంది. పద్దెనిమిదేల్లు ఆల్లని నెత్తినెట్టుకున్నాం గదా, మనకిదా సేస్తారు?"

"రాసుకున్నాను మావా."

"నువ్వు రాసిన ముక్క సూసినాను. దరువు ఏదీ అని. అదే ముక్క కాయితం పైనెట్టి సంతకాలు తీస్తన్నాం. మూడింట రెండొంతులొస్తే గంట ఆల్ల దగ్గర నుండి తీసీడవే."

మధ్యాహ్నపు గంట పోతే పాటగది కూడా పోతుంది. ఆ గదిలో వలలు ఆరబెట్టుకుంటారు. సూరీడమ్మకి యాభై ఎనిమిదేళ్ళు, ఆమెని మళ్ళీ గొట్టాలు తోమడానికి పంపుతారు. ఇదంతా తెలిసే కాగితం మీద సంతకం పెట్టాను. నా ముక్క కాగితం నెత్తిన పెద్ద అక్షరాల్లో ఉంటే, అబద్ధమెందుకు, గర్వంగానే ఉంది.

కోతల నెల, 17

రెండువందల తొంభై సంతకాలు. కావాల్సినవి రెండువందల డెబ్భై అయిదే.

'దరువు ఏదీ' అన్నది ఇప్పుడు ఊళ్ళో పలకరింపు అయిపోయింది. భోజనాల గదిలో పప్పు పలచనైనా 'దరువు ఏదీ' అంటున్నారు. ముత్యాలు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే వెనక ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ముత్యాలు తిరిగి చూడలేదు. పళ్ళెంలో వడ్డించిందాన్ని అలాగే బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నేనే. అయినా పాట బాగాలేనిమాట నిజమే కదా. ఇవాళ పదోసారి విన్నాను. బాగాలేదు.

ఎల్లుండి ఫిర్యాదుల కట్ట వాళ్ళకి అప్పజెప్పాలి. గుమస్తాయే స్వయంగా వెళ్ళి, ఎదురుగా కూర్చుని, అన్నీ పైకి చదివి వినిపించాలి. వాళ్ళు వినాలి, నోరు విప్పకూడదు.

కోతల నెల, 19

వరసగా రాయడానికి చూస్తాను.

వాళ్ళ పాటగది ఊపిరి మర మీద ఉంటుంది. పైనుంచి గాలి లోపలికి తెచ్చి, మనం వదిలిన గాలిని బయటికి తోసే మర అది. ఎవరూ ఆ దగ్గర గదులు అడగరు. మర హోరుకి భయం. ఊరు కట్టిన మూడో ఏట పదకొండు మందికి 'హోరు పట్టింది'. నిద్ర పోయింది, తిండి పోయింది, నీటి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. వాళ్ళని పైకి పంపేశారు. అప్పట్నుంచి హోరుని పూర్తిగా మింగేసి మాటల్నీ పాటల్నీ మాత్రమే చెవికి వదిలే టోపీలు వచ్చాయి. మూడేళ్ళు నిండిన పిల్ల నుంచి ముసలివాళ్ళదాకా అందరికీ టోపీ ఉండాలి. కణత దగ్గర ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉండాలి. టోపీ తీసినా, ఆపినా అది ఆరిపోతుంది. దీపం ఆరిన మనిషిని పైకి పంపేస్తారు. పైన ఇప్పుడు ఏముందో మాకు తెలియదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఆ పదకొండు మందిలో మా నాన్న ఒకడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

గదిలోకి వెళ్ళేసరికి సూరీడమ్మ నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. చెప్పులు లేవు. ఊళ్ళో అందరం మందపాటి రబ్బరు జోళ్ళు వేసుకుంటాం. ఆమె ఉత్తి పాదాలు ఇనుప పలక మీద ఆనించి కూర్చుంది. "సూరీడమ్మప్పా" అన్నాను. పలకలేదు. గట్టిగా అన్నాను. పలకలేదు. ముత్యాలు వెళ్ళి భుజం తట్టాక తిరిగి, నా మూతి వైపు చూస్తూ కూర్చుంది.

నేను కట్ట విప్పి చదవడం మొదలెట్టాను. మొదటిది నాదే. చదువుతూ తలెత్తితే సూరీడమ్మ కణత దగ్గర దీపం కనిపించింది. అది వెలుగు కాదు. ఆరిన దీపం మీద ఆకుపచ్చ రంగు పూసి ఉంది.

చదవడం ఆపేశాను. నేను చూసింది ముత్యాలు చూసింది. మెల్లగా తలుపు వేసి వచ్చింది.

"ఆరేల్లయిపోనాది పోలేశ్వరీ" అంది. "సన్న మాటలు మొదట పోనాయి, మల్ల పెద్ద మాటలూ పోతన్నాయి. టోపీ పనిసేస్తంటే వొదినకి ఏటీ ఇనిపించదు. ఆర్పీస్తే ఒక్కటి ఇనిపిస్తది."

"ఏటి?"

"మర."

సూరీడమ్మ నా చేతిలో కాగితం తీసుకుని తనే చదువుకుంది. 'దరువు ఏదీ' దగ్గర వేలు పెట్టి నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఊరంతా అడుగుతున్న మాటకి నవ్వా?

"నువ్విన్నావా మా పాటల కట్ట?" అంది సూరీడమ్మ.

"పదిసార్లిన్నాను."

ఆమె ముత్యాలు వైపు చూసింది, ముత్యాలు ఆమె వైపు చూసింది. విన్నాక కూడా ఎందుకలా అడిగానో ఇద్దరికీ అర్థంకాలేదని వాళ్ళ ముఖాలే చెప్పాయి. ఉన్నట్టుండి ముత్యాలు నా కణత దగ్గరి దీపం చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మ. వొదినా, ఈల్లకి టోపీలున్నాయి గదా."

సూరీడమ్మకి మూతి కదలిక అందినట్టుంది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు వేసి, "మరిసిపోనాం" అంది. "మూడేల్లు ఇక్కడే కూకుని, ఇక్కడే కట్టి, ఇక్కడే ఇన్నాం. అందరికీ ఇనపడతాదనుకున్నాం."

గంటసేపు మోగే పాటలు కట్టినవాళ్ళు, వినేవాళ్ళ నెత్తిన ఏముందో మరిచిపోయారు. ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని.

"టోపీ తియ్యి" అంది ముత్యాలు.

"నానొల్లను." లేచి నిలబడ్డాను కూడా. "మా నాన్నకి హోరు పట్టింది."

"అది పాత మర. మూల ఇరిగి, కుదుపు మీద ఆడీది. పన్నెండో ఏట కొత్త మర ఎట్టినారు. ఊపిరి లయ మాత్రం అదే ఉంచినారు, టోపీలూ ఉంచీసినారు. మల్ల ఎవులు తీసి సూసినారు?"

పన్నెండో ఏడు. పంతొమ్మిదేళ్ళుగా మేము దేనికి భయపడుతున్నామో దాన్ని ఎవరూ వినలేదన్నమాట. నేను మళ్ళీ కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పలేను. ముత్యాలు గోడ పెట్టెల్లో పాట మొదలెట్టింది. నేను జోళ్ళు విప్పాను. పట్టీ వదులు చేసి, టోపీ తీశాను.

మొదట భయం వచ్చింది, దాచుకోవడమెందుకు. అరికాళ్ళ నుంచి ఒక పెద్ద శబ్దం ఒంట్లోకి ఎక్కింది. ఇది చెవికి చెప్పే శబ్దం కాదు, ఎముకలకి చెప్పేది. గది కంటే పెద్దది. లోపలికి తీసుకుంటోంది, ఆపుతోంది, బయటికి వదులుతోంది. నా ఊపిరి దానంతటదే దానితో కలిసింది. అది వదలడం ఆపిన చోట గాజు గిన్నె మోత మొదలైంది. మోత ఆగిన చోట మర తీసుకుంది. నేను పదిసార్లు విని తిట్టుకున్న ఖాళీలు ఖాళీలు కావు. మర పలకడానికి వదిలిపెట్టిన చోట్లు. ఇద్దరు మనుషులు, ఒక ఊరు కలిసి పాడుతున్నారు. ఊరి గొంతు నేను చిన్నప్పుడు టోపీ పెట్టాక మొదటిసారి వింటున్నాను. నా నోట్లో ఉన్న గాలి కూడా అదే తెచ్చి పెట్టింది.

ఆ పెద్ద శబ్దం అడుగున మర తలుపులు పడుతున్నాయి. నిమిషానికి ఇరవై ఎనిమిదిసార్లు, ఒక్కోసారికి నాలుగు దెబ్బలు. ఇరవై ఎనిమిది నాలుగులు నూటపన్నెండు.

దరువు.

సూరీడమ్మ నా ముఖం చూస్తోంది. "నానేటి కొత్తగా సేసినాను?" అంది. "మొదటి కట్ట నుండీ అది దీన్దే. అప్పుడు దీన్ని కాల్లతో ఇని మా పెట్టెల్లో కొట్టినాం. ఇప్పుడు పెట్టెలు ఆపీసి దీన్నే కొట్టనిచ్చినాం. నాకు ఇనపడేది ఇదొక్కటే మిగిలింది గదా."

నేను ఆమె మాట సగమే విన్నాను. మా నాన్న చెయ్యి జ్ఞాపకం వచ్చింది. నన్ను పక్కన వేసుకుని వీపు మీద జోకొట్టేవాడు. ఒకటి రెండు మూడు నాలుగు, చిన్న ఆగుడు, మళ్ళీ ఒకటి రెండు మూడు నాలుగు. ఆ లయ ఎక్కడిదో నాకెప్పుడూ తెలియలేదు. ఆయన దీన్ని వింటూ నన్ను నిద్రపుచ్చాడు. అక్కడే కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

కోతల నెల, 20

ఇవాళంతా కుర్చీలో కూర్చున్నానే గానీ బుర్ర ఇక్కడ లేదు.

ఊరికి చెప్పాలంటే టోపీలు తీయమని చెప్పాలి. ఎలా తెలిసిందని అడుగుతారు. సూరీడమ్మ ఆరేళ్ళుగా దీపం ఆర్పుకు తిరుగుతోందని బయటపడుతుంది. ఆమెని లిఫ్టెక్కిస్తారు. మరకి దూరమైతే ఆమెకి ఇక లోకంలో ఏ శబ్దమూ ఉండదు. చెప్పకపోతే మూడు రోజుల్లో గంట పోతుంది, గది పోతుంది, అప్పుడూ మరకి దూరమే అవుతుంది. రెండు వైపులా గొయ్యే. తవ్వింది నేను.

ఇరవై మూడున వలల గదిలో ఆఖరి వినికిడి. ఎవరి గంట తీసేయాలన్నా ముందు ఆ కట్టని ఊరంతా ఒకచోట కూర్చుని ఒకసారి పూర్తిగా వినాలి. విన్నాక సంతకం పెట్టినవాళ్ళు పక్కన రెండో సంతకం పెడితేనే చెల్లుతుంది.

ఒక దారి కనిపిస్తోంది. సూరీడమ్మ పేరు ఎత్తక్కర్లేదు. దీపం ఆర్పిన మనిషి ఒకరు కావాలి, అంతే.

కోతల నెల, 23

వలల గది నేల ఉత్తి ఇనుము. తడి వలలకి చాపలు కుళ్ళిపోతాయని ఏమీ పరవరు. గోడ పెట్టెలు నాలుగు మూలలా ఉన్నాయి. జనం గోడలదాకా నిండారు. సూరీడమ్మ, ముత్యాలు ముందు వరసలో అందరికీ వీపు పెట్టి కూర్చున్నారు. సూరీడమ్మ చీర కుచ్చెళ్ళ కింద పాదాలు ఉత్తివేనని నాకు తెలుసు.

దాలినాయుడు మావ కాగితం చదివాడు. "దరువు ఏదీ" అని ఆయన అనగానే గదంతా ఒక్క గొంతుతో అంది. నేను రాసిన ముక్క నా మీదికే అలా వచ్చింది.

పాట మొదలైంది. నేను ఇనుప స్తంభం పక్కన నిలబడి, జోళ్ళు విడిచి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాను. పక్కనున్న ఆవిడ నన్ను చూసి జరిగిపోయింది. ఆమె పక్కవాళ్ళూ జరిగారు. నా చుట్టూ గుండ్రంగా ఖాళీ అయింది. పాదాల కింద మర ఉంది, ఉత్తి ఇనుము మీద ఇక్కడా పెద్దగానే ఉంది.

దాలినాయుడు మావ నా దగ్గరికి వచ్చాడు.

"పోలేశ్వరీ, దీపం ఆరిపోనాది."

"ఆరిపోలేదు మావా. నానే ఆర్పీసినాను."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ నాన్నని నా సేత్తోనే లిఫ్టెక్కించినాను. నిన్ను కూడా ఎక్కించమంతావా? ఎట్టీసుకో. నాను సూడనట్టే ఉంటాను."

"పాటయిపోనాక ఎక్కించు. అందాకా నా పక్కనుండు."

ఆయన పోలేదు. నిలబడి నన్ను చూస్తూ ఉన్నాడు, పిచ్చి ఎక్కడ మొదలవుతుందో కనిపెడదామన్నట్టు. కొంతసేపటికి ఆయన చూపు కిందికి దిగింది.

"కాలెందుకాడిస్తన్నావే?"

నాకే తెలియకుండా మడమ ఆడుతోంది.

"దరువుకి మావా."

"దరువెక్కడుంది ఇందులోన? నేదనే గదా ఇంతమందిమి వొచ్చినాం."

ఆయన కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి స్తంభానికి ఆనించాను. టోపీ చెవులకే కదా.

ఆయన చెయ్యి లాక్కోబోయాడు. సగంలో ఆగిపోయాడు. పెదాలు లెక్కపెడుతున్నాయి. ఒకటి రెండు మూడు నాలుగు. ఏళ్ళ తరబడి కోతలో తాడు లాగిన చెయ్యి అది, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది మన కోత దరువు గదే" అన్నాడు.

"మనది కాదు, దీన్దే. మనం అప్పు తెచ్చుకున్నాం."

"మీ నాన్న నీటి తలుపుకి సెవి ఆన్చి నిలబడీవోడు. ఏటింతన్నావురా అంటే, నువ్వూ ఇనరా దాలీ అనీవోడు." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాను ఇన్నేదు."

రెండు చేతులతో, నెత్తి మీది బుట్ట దించుకున్నట్టు, టోపీ తీశాడు.

కాపలా పెద్ద నెత్తిన దీపం లేకపోవడం గదంతా చూసింది. ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, నోరు కొంచెం తెరుచుకుంది. ఆ ముఖం చూసే మొదటి టోపీ దిగిందనుకుంటాను. మూడో తాడు దగ్గర చెయ్యి చీరుకున్న అప్పన్న తీశాడు. తర్వాత అతని పెళ్ళాం. కొంతమంది పిల్లల్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. మిగతా గదిలో ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి. ఒక ముసలామె "నాకు తెలుసు, నాకు తెలుసు" అంటూ ఉంది.

ఊరు ఊపిరి తీసుకుంది. ఆపింది. గాజు గిన్నె మోగింది. వదిలింది. అంతమంది ఒక్కసారి దాన్ని వినడం అంటే ఏమిటో నాకు రాయడం రాదు. అంత పెద్దది మా మధ్య ఉండి కూడా మమ్మల్ని ముప్పై ఏళ్ళు ఒక్కమాట అనలేదు. మాకు గాలి పోస్తూ ఊరుకుంది.

దాలినాయుడు మావ జోళ్ళు విడిచి మడమతో నేలని తట్టాడు. ఒకటి రెండు మూడు నాలుగు. పక్కన అప్పన్న తట్టాడు. కోత వరసలో చెయ్యి కలిసినట్టే, ఎవరూ చెప్పకుండా కాళ్ళు కలిశాయి. రెండువందల మడమలు, మూడువందలు, ఇనుము మీద.

ముందు వరసలో సూరీడమ్మ కదిలింది. మరని ఆమె ఆరేళ్ళుగా పాదాలతో వింటోంది. అందులో ప్రతి అణువూ ఆమెకి తెలుసు. ఇప్పుడు దాని మీద ఇంకేదో ఉంది, మరది కానిది. ఒంగి అరచెయ్యి కూడా నేలకి ఆనించింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది.

ఆమెకి మా మాటలు వినపడవు. మా కాళ్ళు వినపడ్డాయి.

కోతల నెల, 25

రెండో సంతకాలు ముప్పై ఎనిమిది. గంట వాళ్ళదే, గది వాళ్ళదే. మొదటి కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళు ఇప్పుడు కనపడరు. ఎవరినడిగినా మొదట్నుంచీ నచ్చిందంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

దాలినాయుడు మావ రూలు ప్రకారం దీపం ఆర్పినవాళ్ళ పేర్లన్నీ రాసి పెద్దలకిచ్చాడు. మూడువందల పన్నెండు. మొదటి పేరు తనదే, రెండోది నాది. లిఫ్టులో ఒకేసారి ఆరుగురే పడతారు. "ఎక్కించాల్సినోడినే నాను, నన్నెవులెక్కిస్తారు?" అని అడిగాడట. టోపీల సంగతి వచ్చే నెల మాట్లాడదామని పెద్దలు లేచిపోయారు. ఆ పేర్లలో సూరీడమ్మ పేరు ఎక్కడో నూట నలభైలో ఉంది. ఆమెది ఆ రోజు ఆర్పిన దీపమే అని లెక్క.

కొత్త అభిప్రాయాలు వస్తున్నాయి. "మూడో పాట ఇంకాస్త పొడుగుంటే బాగుండు." "మూడో పాట పొడుగైపోయింది." జనం మళ్ళీ మామూలైపోయారు.

మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని పాటగదికి వెళ్ళాను. నా మొదటి వరస చూపించి, దాన్ని కొట్టేయనా అని ముత్యాల్ని అడిగాను. సూరీడమ్మ నా మూతి చూసి వద్దని చెయ్యి ఊపింది.

"అడిగినది తప్పు కాదు గదా. జవాబు రాయి."

"మీరు జవాబు సెప్పకూడదప్పా, ఆచారం."

"మేవు సెప్పకూడదు. మర సెప్పకూడదని ఎక్కడుంది?"

పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకుని ఇనుప పలక మీద పరిచింది. కలం నా వేళ్ళ మధ్య పెట్టి, దాని మొనని నాలుగో గడిలో ఆనించి, నా మణికట్టు వదులు చేసింది. నేను రాయలేదు. కింది పలక అదురుకి కలం దానంతటదే కదిలింది. సన్నని వంకర గీత, నాలుగు చిన్న ఎత్తులు, ఒక ఆగుడు, మళ్ళీ నాలుగు. పదకొండేళ్ళలో ఆ గడిలో పడిన మొదటి సిరా.

గడి చిన్నది. జవాబు గడి దాటి, అంచు దాటి, పేజీ తిప్పితే ఈ వెనక పేజీలోకి వచ్చింది. నేను రాసిన ఈ మాటల కిందుగా పోతున్న గీత అదే. ఈ మాటలు ముగించి కలం మళ్ళీ దాని మీదే ఆనిస్తున్నాను.